పాత కంప్యూటర్ చేతులు మారే ముందు

2017 దసరా సెలవుల్లో ఒక ఆదివారం ఉదయం, నాతో పాటు పనిచేసే ఉపాధ్యాయుని కుమారుడు మా ఇంటికి వచ్చి, ఒక పెన్ డ్రైవ్‌ను నా చేతిలో పెట్టి, "సార్, ఇందులో ఉన్నవి మీవే అనుకుంటాను. రెండు మూడు తెరిచాక మీవని తెలిసి, మిగిలినవి చూడకుండా ఆపేశాను" అన్నాడు. అంతకు నాలుగు నెలల ముందు, అతడు పాలిటెక్నిక్‌లో చేరిన సందర్భంలో, ఆరేళ్లుగా నేను వాడిన డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను అతనికి ఇచ్చాను. ఇచ్చే ముందు నా ఫైళ్లన్నీ తొలగించి, రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేసి, డీ డ్రైవ్‌ను ఫార్మాట్ కూడా చేశాను. దానితో నా బాధ్యత పూర్తయిందని మనస్ఫూర్తిగా నమ్మాను.

జరిగింది ఇది. ఆ అబ్బాయి తన డ్రాయింగ్ ఫైళ్లను పొరపాటున తొలగించుకున్నాడు. వాటిని రాబట్టడానికి ఇంటర్నెట్ నుంచి ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రామును దించుకుని నడిపాడు. అది రాత్రంతా డిస్కును జల్లెడ పట్టి, అతని డ్రాయింగులతో పాటు నేను చెరిపేశాననుకున్న వేల ఫైళ్లను తెచ్చి ముందు పెట్టింది. అతనికి ప్రత్యేకమైన నైపుణ్యమేమీ అవసరం కాలేదు. రెండు మూడు బటన్లు నొక్కాడు, అంతే.

ఆ పెన్ డ్రైవ్‌లో ఏమున్నాయో ఆ మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని చూశాను. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాను. కంప్యూటర్ తెలిసినవాడినని కార్యాలయపు పనులు చాలావరకు నాకే అప్పగించేవారు. అందువల్ల రెండు మూడు సంవత్సరాల పదో తరగతి నామినల్ రోల్స్ అందులో ఉన్నాయి. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల పేర్లు, కులం, గుర్తింపు కోసం రాసుకునే రెండేసి పుట్టుమచ్చల వివరాలతో సహా అన్నీ ఉన్నాయి. ఉపకార వేతనాల కోసం స్కాన్ చేసిన ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కుల మొదటి పుటలు ఉన్నాయి. మా నాన్నగారి గుండె పరీక్షల నివేదికలు, నా ఫారం 16లు, బ్యాంకు పాస్‌వర్డులు మరిచిపోకుండా రాసుకున్న ఒక చిన్న నోట్‌ప్యాడ్ ఫైలు కూడా ఉన్నాయి.

వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టినది ఒక ఉత్తరం. పదో తరగతి పూర్తికాగానే తనకు పెళ్లి చేయాలని ఇంట్లో నిశ్చయించారని, తనకు చదువుకోవాలని ఉందని, ఒక విద్యార్థిని చేతిరాతతో రాసి నాకిచ్చిన ఉత్తరమది. అధికారులకు పంపడం కోసం దానిని స్కాన్ చేశాను. ఆ పెళ్లి ఆగింది, ఆ అమ్మాయి ఇంటర్మీడియట్ చదివింది. కానీ ఎవరికీ చెప్పవద్దని బతిమాలి ఆమె నా చేతికిచ్చిన కాగితం, నా అజ్ఞానం వల్ల, అదే ఊరిలోని మరొక ఇంటికి చేరింది. ఆ అబ్బాయి సంస్కారవంతుడు కాబట్టి అది అక్కడితో ఆగింది. మన కంప్యూటర్‌లో ఉన్నదంతా మనదే అన్న భావన నాలో ఆ రోజుతో పోయింది. అందులో సగానికి పైగా, మనలను నమ్మి ఇతరులు అప్పగించినదే. ఆ తరువాత ఈ విషయాన్ని శ్రద్ధగా చదివి, అర్థం చేసుకుని, స్వయంగా చేసి చూశాను. ఇటీవల నా ల్యాప్‌టాప్‌ను ఒక పూర్వ విద్యార్థినికి ఇస్తూ మరొకసారి ఆ పనంతా చేశాను కాబట్టి, మరిచిపోకముందే రాసిపెడుతున్నాను.

తొలగించిన ఫైలు ఎందుకు పోదో ముందు తెలియాలి. వ్యవసాయ కుటుంబాల వారికి ఒక పోలికతో సులభంగా చెప్పవచ్చు. అడంగల్‌లో రైతు పేరు కొట్టివేసినంత మాత్రాన పొలంలో ఉన్న పైరు మాయం కాదు. హార్డ్ డిస్కులోనూ రెండు భాగాలు ఉంటాయి. ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో చెప్పే పట్టిక ఒకటి, ఆ ఫైలులోని అసలు సమాచారం ఉన్న స్థలం మరొకటి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో మనం ఫైలును తొలగించి రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేసినప్పుడు, ఆ పట్టికలో 'ఈ స్థలం ఇక ఖాళీ' అన్న గుర్తు మాత్రమే పడుతుంది. సమాచారం ఉన్న చోటనే ఉంటుంది. మరొక కొత్త ఫైలు వచ్చి సరిగ్గా అదే చోట రాసుకునే వరకు, అది నెలలైనా సంవత్సరాలైనా చెక్కుచెదరకుండా ఉండవచ్చు. ఒక పెద్ద ఫైలును కాపీ చేయడానికి పది నిమిషాలు పట్టి, తొలగించడానికి ఒక్క క్షణం పట్టడానికి కారణం ఇదే.

ఫార్మాట్ విషయంలో కూడా చాలామంది మోసపోతారు. మనం సాధారణంగా చేసే క్విక్ ఫార్మాట్, పాత పట్టిక స్థానంలో కొత్త పట్టికను వేస్తుంది. పొలం జోలికి పోదు. పూర్తి ఫార్మాట్ అయితే సరిపోతుందా అంటే, అది ఏ కాలపు విండోస్ అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీ చేసే పూర్తి ఫార్మాట్, డిస్కులో చెడిపోయిన భాగాలు ఉన్నాయా అని చదివి చూడడానికే అంత సమయం తీసుకునేది, సమాచారాన్ని చెరిపేది కాదు. విస్టా నుంచి మాత్రమే అది డిస్కంతటా సున్నాలు రాయడం మొదలుపెట్టింది. 'పూర్తిగా ఫార్మాట్ కొట్టించాను' అనే మాటకు ఎక్స్‌పీ రోజుల్లో ఒక అర్థం, ఆ తరువాత మరొక అర్థం ఉన్నాయన్నమాట.

రాబట్టే ప్రోగ్రాములకు ఆ పట్టిక తప్పనిసరి కాదు. ప్రతి జేపెగ్ ఫొటో, ప్రతి పీడీఎఫ్ పత్రం తన రకానికి ప్రత్యేకమైన కొన్ని బైట్లతోనే మొదలవుతుంది. ఆ ఆనవాళ్లను వెతుక్కుంటూ డిస్కు మొదటి నుంచి చివరి వరకు చదువుతూ పోతే, పేరు పోయినా ఫైలు దొరుకుతుంది. పైగా ఒక పత్రానికి మనకు కనిపించే ప్రతి ఒక్కటే కాదు, కనిపించని ప్రతులు అనేకం ఉంటాయి. ఫొటోల చిన్న బొమ్మలు వేరే చోట దాచబడి ఉంటాయి. కంప్యూటర్ మెమరీ (ర్యామ్) చాలనప్పుడు విండోస్ వాడుకునే పేజ్ ఫైలులో తెరిచిన పత్రాల ముక్కలు ఉంటాయి. ల్యాప్‌టాప్‌ను హైబర్నేట్ చేసినప్పుడు అప్పటి మెమరీలో ఉన్నదంతా ఒక ఫైలుగా డిస్కులోకి చేరుతుంది. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, ఈమెయిల్ ప్రతులు, ప్రింటుకు పంపిన పత్రాల తాత్కాలిక ఫైళ్లు ఎక్కడెక్కడో ఉంటాయి. అందుకే, ముఖ్యమైన ఫైళ్లను ఎంచుకుని వాటిని మాత్రమే గట్టిగా చెరుపుతానంటే కుదరదు. డిస్కు మొత్తాన్ని చెరపవలసిందే.

ఆ అబ్బాయి దగ్గర ఉన్న డెస్క్‌టాప్‌లో అప్పటికే అతని చదువు సామగ్రి ఉన్నది కాబట్టి మొత్తం చెరిపే వీలు లేదు. అటువంటప్పుడు పనికివచ్చేది విండోస్‌లోనే ఉన్న సైఫర్ అనే ఆదేశం. దానికి తగిన సూచన ఇస్తే, ఉన్న ఫైళ్లను ముట్టుకోకుండా, ఖాళీగా ఉన్న స్థలమంతటా మొదట సున్నాలు, తరువాత ఒకట్లు, ఆ తరువాత అడ్డదిడ్డమైన అంకెలు రాసుకుంటూ పోతుంది. ఆ రోజు సాయంత్రం మొదలుపెట్టి మరునాటి ఉదయానికి పూర్తి చేశాము. అయితే దానికి ఒక లోపం ఉంది. ఒక కిలోబైటుకు మించని అతి చిన్న ఫైళ్లు ఎన్‌టీఎఫ్‌ఎస్ పట్టికలోనే ఇమిడిపోతాయి, ఈ ఆదేశం వాటి దాకా చేరదు. నా పాస్‌వర్డుల నోట్‌ప్యాడ్ ఫైలు సరిగ్గా ఆ కోవకు చెందినదే. అందువల్ల ఆ రాత్రే కూర్చుని ప్రతి పాస్‌వర్డునూ మార్చుకున్నాను.

ఇది నా ఒక్కడి పొరపాటు కాదని తరువాత తెలిసింది. అమెరికాలోని ఎంఐటీలో సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలత్ అనే ఇద్దరు పరిశోధకులు 158 పాత హార్డ్ డిస్కులను కొని పరిశీలించి, ఆ ఫలితాలను 2003లో ప్రచురించారు. వాటిలో 129 పనిచేశాయి, అందులో సరిగ్గా చెరిపి ఉన్నవి 12 మాత్రమే. మిగిలిన వాటిలో 5,000కు పైగా క్రెడిట్ కార్డు సంఖ్యలు దొరికాయి. ఒక డిస్కు ఏటీఎం యంత్రం నుంచి వచ్చినది. పెద్ద సంస్థలు జాగ్రత్తగా ఉంటాయనుకోవడానికీ లేదు. మోర్గాన్ స్టాన్లీ అనే ఆర్థిక సంస్థ 2016లో తన డేటా కేంద్రాలను ఖాళీ చేయించే పనిని, డేటాను చెరపడంలో అనుభవం లేని సామాను రవాణా సంస్థకు అప్పగించింది. ఖాతాదారుల వివరాలున్న పరికరాలు చివరికి ఇంటర్నెట్ వేలంలో అమ్ముడుపోయాయి. ఇందుకు అమెరికా బ్యాంకింగ్ నియంత్రణ సంస్థ 2020లో 6 కోట్ల డాలర్లు, సెక్యూరిటీస్ కమిషన్ 2022లో మరో 3.5 కోట్ల డాలర్లు జరిమానా విధించాయి.

ఎన్నిసార్లు చెరపాలి అన్న ప్రశ్న తరచూ వస్తుంది. ఏడుసార్లని కొందరు, 35 సార్లని కొందరు చెబుతారు. ఈ 35 అన్న సంఖ్య న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ గుట్‌మన్ 1996లో రాసిన పరిశోధనా పత్రం నుంచి వచ్చింది. అప్పట్లో వాడుకలో ఉన్న రకరకాల డిస్కులు సమాచారాన్ని రకరకాల పద్ధతుల్లో రాసేవి, ఆ పద్ధతులన్నిటికీ కలిపి ఆయన వేసిన లెక్క అది. ఏ ఒక్క డిస్కుకూ ఆ 35 మొత్తం అవసరం లేదని, జనం దానిని మంత్రంలాగా జపిస్తున్నారని ఆయనే తరువాత వివరణ జతచేశారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2006లో వెలువరించి 2014లో సవరించిన మార్గదర్శకాలు కూడా, నేటి అయస్కాంతపు హార్డ్ డిస్కులకు ఒక్కసారి మొత్తంగా సున్నాలతో నింపితే సామాన్య అవసరాలకు చాలునన్న అభిప్రాయాన్నే వ్యక్తం చేస్తాయి. ఇది తెలుసుకోవడం ముఖ్యమని నా అభిప్రాయం. 35 సార్లు చేయాలని భయపెడితే రోజుల తరబడి అంత ఓపిక ఎవరికీ ఉండదు, చివరికి ఒక్కసారి కూడా చేయకుండా ఇచ్చేస్తారు.

కానీ ఇదంతా తిరిగే పళ్లేలు ఉన్న పాత హార్డ్ డిస్కుకు వర్తించే మాట. గత కొన్నేళ్లుగా వస్తున్న ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేవి ఎస్‌ఎస్‌డీలు, అంటే తిరిగే భాగాలు లేకుండా చిప్పులలోనే సమాచారాన్ని దాచే డ్రైవులు. వాటి స్వభావం పూర్తిగా వేరు, చాలామంది తెలిసినవారు కూడా పొరబడేది ఇక్కడే.

హార్డ్ డిస్కు పలక వంటిది. ఉన్నదానిని తుడిచి అదే చోట మళ్లీ రాయవచ్చు. ఎస్‌ఎస్‌డీ అలా కాదు. అందులో ఒకసారి రాసిన చోట, ఆ చుట్టుపక్కల ఉన్న పెద్ద భాగమంతటినీ ముందు ఖాళీ చేస్తే తప్ప, మళ్లీ రాయడం సాధ్యం కాదు. పైగా ప్రతి భాగమూ పరిమితమైన సార్లు మాత్రమే రాతను తట్టుకుంటుంది. అందుచేత దాని లోపల ఉండే నియంత్రకం, మనం ఒక ఫైలు మీద మరొకటి రాయమన్నప్పుడు, ఆ కొత్తదానిని వేరొక చోట రాసి, విషయసూచికలో పుట సంఖ్యను మాత్రం మార్చుకుంటుంది. దిద్దుబాటు వచ్చిన ప్రతిసారీ కొత్త పుటలో రాసుకునే నోట్‌బుక్కు వంటిదది. పాత పుట నోట్‌బుక్కులోనే ఉంటుంది. ఇవికాక, మనకు కనిపించే పరిమాణం కంటే ఎక్కువ స్థలాన్ని తయారీదారు అందులో నిల్వగా పెడతాడు, దానిని మన కంప్యూటర్ నేరుగా చేరలేదు.

శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో దీనిని ప్రయోగపూర్వకంగా చూపించారు. హార్డ్ డిస్కుల కోసం తయారైన పద్ధతులతో ఎస్‌ఎస్‌డీలలోని ఒక్కొక్క ఫైలును చెరిపి, ఆ తరువాత వాటిని విప్పి చిప్పులను నేరుగా చదివారు. ఫైలులోని సమాచారంలో 4 శాతం నుంచి 75 శాతం వరకు అక్కడే మిగిలి ఉన్నది. డిస్కు మొత్తాన్ని రెండుసార్లు నింపితే చాలా సందర్భాల్లో పోయింది, కానీ అన్ని సందర్భాల్లోనూ కాదు. డిస్కులోనే అమర్చి ఉండే చెరిపివేత ఆదేశం సరిగా పనిచేసిన చోట ఫలితం బాగున్నది. కొన్ని తయారీలలో ఆ ఆదేశమే లోపభూయిష్ఠంగా ఉన్నట్టు కూడా వారు కనుగొన్నారు.

కాబట్టి ఎస్‌ఎస్‌డీకి తగిన మార్గం, దాని నియంత్రకానికే 'నీలో ఉన్నదంతా చెరుపు' అని ఆజ్ఞ ఇవ్వడం. ఎస్‌ఎస్‌డీలు కంప్యూటర్‌కు కలిసే పద్ధతిని బట్టి, సాటా రకానికి సెక్యూర్ ఎరేజ్ అని, కొత్త ఎన్‌వీఎంఈ రకానికి శానిటైజ్ అని దీనికి పేర్లు. డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి సంస్థల అనేక ఆఫీసు శ్రేణి ల్యాప్‌టాప్‌లలో ఈ సదుపాయం బయోస్‌లోనే, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలోనే ఉంటుంది. లేకపోతే ఎస్‌ఎస్‌డీ తయారీదారు ఉచితంగా ఇచ్చే ప్రోగ్రాములో దొరుకుతుంది. పని నిమిషాలలో ముగుస్తుంది. హార్డ్ డిస్కుల కాలంలో ప్రసిద్ధమైన డీబ్యాన్ వంటి చెరిపే సాధనాలు ఎస్‌ఎస్‌డీల కోసం తయారైనవి కావు; వాటితో ఎస్‌ఎస్‌డీని పదేపదే నింపడం వల్ల దాని ఆయుష్షు కొంత తరగడమే తప్ప, చెరిగిందన్న నిశ్చయం కలగదు.

ఇంతకంటే మేలైన మార్గం మరొకటి ఉన్నది, కానీ అది కంప్యూటర్‌ను ఇచ్చేటప్పుడు కాక, కొన్న రోజున మొదలుపెట్టవలసినది. డిస్కు మొత్తాన్ని మొదటి నుంచే ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచితే, దానిపై రాసే ప్రతి అక్షరమూ తాళం వేసిన రూపంలోనే చేరుతుంది. ఇచ్చే రోజున తాళంచెవిని నాశనం చేస్తే చాలు, ఎక్కడో మూలన మిగిలిపోయిన పాత పుట కూడా ఎవరికీ అర్థం కాని అంకెల కుప్పగా మిగులుతుంది. విండోస్ ప్రో రకాల్లో బిట్‌లాకర్ ఉన్నది, హోమ్ రకంలో తగిన యంత్రాలపై 'డివైస్ ఎన్‌క్రిప్షన్' పేరుతో అదే సదుపాయం ఉంటుంది. మ్యాక్‌లలో ఫైల్‌వాల్ట్ ఉన్నది. ఆపిల్ సొంత ప్రాసెసర్ చిప్పు గానీ టీ2 అనే భద్రతా చిప్పు గానీ ఉన్న మ్యాక్‌లలో, 2021లో వచ్చిన మాంటెరీ నుంచి, 'ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్' అనే ఒక్క ఆదేశం ఈ తాళంచెవిని తొలగించే పనినే చేస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. బిట్‌లాకర్‌ను ప్రారంభించేటప్పుడు 'వాడుకలో ఉన్న స్థలానికి మాత్రమే' అన్న ఎంపిక ఒకటి కనిపిస్తుంది. కొత్త కంప్యూటర్‌కు అది సరిపోతుంది. కానీ ఏళ్ల తరబడి వాడిన డిస్కుకు ఆ ఎంపిక చేస్తే, అంతకు ముందు తొలగించిన ఫైళ్లు ఉన్న ఖాళీ స్థలం తాళం లేకుండానే ఉండిపోతుంది. పాత డిస్కయితే 'మొత్తం డ్రైవ్' అన్న ఎంపికనే తీసుకోవాలి. అలాగే 48 అంకెల రికవరీ కీని కంప్యూటర్‌లోనే కాక వేరే చోట భద్రపరచుకోవాలి, లేకపోతే మన తాళం మనకే అడ్డమవుతుంది.

ఇక ఈసారి నేను చేసిన పని. 2016లో కొన్న ల్యాప్‌టాప్ అది. 2019లో దాని 500 జీబీ హార్డ్ డిస్కును తీసి బీరువాలో పెట్టి, 256 జీబీ ఎస్‌ఎస్‌డీని వేయించి, మొదటి రోజునే బిట్‌లాకర్‌ను ప్రారంభించాను. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఆ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ విండోస్ 11కు పనికిరాదు. డిగ్రీ చదువుతున్న మా పూర్వ విద్యార్థిని ఒకరికి, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్‌ను వేసి ఇద్దామని నిశ్చయించుకున్నాను. ఈ ఒక్క తేదీ కారణంగా మన ఇళ్లలోనూ కార్యాలయాలలోనూ ఎన్నో కంప్యూటర్లు చేతులు మారుతున్నాయి. ఇప్పుడే ఇది రాయడానికి అదీ ఒక కారణం.

మొదట కావలసిన ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకున్నాను. కాపీ అయినట్టు కనిపించినంత మాత్రాన ఆగకుండా, భార్య ల్యాప్‌టాప్‌కు దానిని తగిలించి, ఒక్కొక్క ఫోల్డరు నుంచి కొన్ని ఫైళ్లను తెరిచి చూశాను. చెరిపిన తరువాత పశ్చాత్తాపపడి ప్రయోజనం లేదు కదా. తరువాత ఖాతాల వంతు. బ్రౌజర్ నుంచి బయటికి వచ్చాను. ఫోనులోని వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ జాబితా నుంచి ఆ ల్యాప్‌టాప్‌ను తీసివేశాను. గూగుల్, మైక్రోసాఫ్ట్ ఖాతాల్లో నమోదైన పరికరాల జాబితాల నుంచి కూడా తొలగించాను. ట్యాలీ అనే అకౌంటింగ్ ప్రోగ్రాము వంటి లైసెన్సు ఉన్న ప్రోగ్రాములు వాడేవారు, చెరపకముందే ఆ లైసెన్సును సరెండర్ చేయాలి. ఆ తరువాత చేయాలంటే కష్టపడాలి.

బీరువాలోని 500 జీబీ హార్డ్ డిస్కులో తాళం లేదు, 2016 నుంచి 2019 వరకు నా జీవితమంతా అందులో ఉన్నది. దానిని సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబులుతో తగిలించి, ఉబుంటు ఉన్న పెన్ డ్రైవ్‌తో కంప్యూటర్‌ను తెరిచి, డీడీ అనే ఆదేశంతో డిస్కు మొదటి నుంచి చివరి వరకు సున్నాలు రాయించాను. దాదాపు రెండు గంటలు పట్టింది. ఈ ఆదేశం మరొకసారి అడగదు, ఏ డిస్కు పేరు చెబితే దానిని నింపుకుంటూ పోతుంది. అందువల్ల మిగిలిన డ్రైవులన్నీ, ముఖ్యంగా కాపీ చేసుకున్న బయటి డిస్కును, ముందే ఊడదీసి పక్కన పెట్టాను. తెరపై కనిపించే డిస్కు పరిమాణాన్ని, మోడల్ సంఖ్యను, డిస్కు మీది చీటీతో సరిపోల్చుకున్న తరువాతే ఎంటర్ నొక్కాను. ఒక్క అక్షరం తేడాతో పిల్లల పెళ్లి ఫొటోలు పోగొట్టుకున్నవారు నాకు తెలుసు.

ఎస్‌ఎస్‌డీకి బయోస్‌లోని సెక్యూర్ ఎరేజ్‌ను వాడాను. మొదటినుంచీ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నది కాబట్టి, ఒకవేళ ఆ ఆదేశంలో ఏదైనా లోపం ఉన్నా భయపడవలసింది లేదు. రెండు పద్ధతులు ఒకదానికొకటి తోడుగా నిలవడం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

విండోస్‌తోనే ఇవ్వదలచినవారు సెట్టింగ్స్‌లోని 'రీసెట్ దిస్ పీసీ'ని వాడవచ్చు. అందులో 'రిమూవ్ ఎవ్రీథింగ్' తో ఆగకూడదు. సెట్టింగులను మార్చే చోటికి వెళ్లి 'క్లీన్ డేటా' అన్నదానిని కూడా ఎంచుకోవాలి, అప్పుడే ఖాళీ స్థలాన్ని చెరిపే పని జరుగుతుంది. 2022 ఆరంభంలో, ఇలా రీసెట్ చేసినా మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్‌లోకి చేరిన ఫైళ్లు కొన్ని మిగిలిపోతున్నాయని బయటపడింది. మైక్రోసాఫ్ట్ ఆ లోపాన్ని అంగీకరించి ఆ ఏడాది మార్చిలో సరిచేసింది. రీసెట్‌కు ముందే వన్‌డ్రైవ్ సంబంధాన్ని తెంచుకోవడం మంచిదని అందుకే అంటున్నాను.

పనిచేయని హార్డ్ డిస్కు మరొక సమస్య. అది తిరగకపోతే మనం దానిపై సున్నాలు రాయలేము, కానీ పరికరాలున్నవారు దానిని బాగుచేసి చదవగలరు. పాడైపోయింది కదా అని పాత సామాన్లవాడికి వేయకూడదు. పళ్లేల గుండా రెండు మూడు చోట్ల రంధ్రాలు వేయించడం సరైన పని. ల్యాప్‌టాప్ డిస్కుల పళ్లేలు చాలావరకు గాజువి, పగిలితే ముక్కలు కళ్లలోకి ఎగురుతాయి, కాబట్టి రక్షణ కళ్లద్దాలు లేకుండా చేయకూడదు. ఎస్‌ఎస్‌డీకి అయస్కాంతం ఏమీ చేయలేదు, చిప్పులే విరగాలి. ఆ ముక్కలను చెత్తకుండీలో వేయకుండా, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం నమోదైన రీసైక్లర్లకు చేర్చాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల పాతది ఇచ్చి కొత్తది తీసుకునేవారు, చెరిపే వ్యవధి లేకపోతే డిస్కును ఊడదీయించుకుని మిగిలినది ఇవ్వవచ్చు. ధర కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి.

నా ఆందోళన ఇళ్లలోని కంప్యూటర్ల కంటే, మండల కేంద్రాల్లోని జిరాక్స్ షాపులు, ఇంటర్నెట్ కేంద్రాల కంప్యూటర్ల గురించి ఎక్కువ. దరఖాస్తు పెట్టడానికి వచ్చే ప్రతి ఒక్కరూ తమ ఆధార్‌ను, కుల ధ్రువపత్రాన్ని, పాస్‌బుక్కును అక్కడికి వాట్సాప్‌లో పంపుతారు. అవన్నీ డౌన్‌లోడ్స్‌లో ఏళ్ల తరబడి పేరుకుంటాయి. ఆ కంప్యూటర్ ఒక రోజు అమ్ముడుపోతే, ఊరంతా ఒకేసారి చేతులు మారినట్టే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సొంత లేదా ఇంటి అవసరాలకు వాడుకునేవారిని మినహాయించి, ఇతరుల వివరాలను తీసుకున్నవారు ఆ ప్రయోజనం తీరాక వాటిని చెరిపివేయాలన్న సూత్రాన్ని పెట్టింది. మా పాఠశాలలోనూ నేను ఇప్పుడు అదే పాటిస్తున్నాను. పని ముగిసిన స్కాన్‌లను ఏడాది చివర తొలగిస్తాము, మొత్తం సంఖ్య అవసరం లేని చోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌నే అడుగుతాము. పెద్ద జిరాక్స్ యంత్రాలు కొన్నిటిలో కూడా హార్డ్ డిస్కు ఉంటుందని షాపుల వారికి చెబితే చాలామంది ఆశ్చర్యపోయారు.

చెరపడం పూర్తయ్యాక, సరిగా జరిగిందో లేదో పరీక్షించాను. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాముతో, 2017లో ఆ అబ్బాయి చేసినట్టే, రెండు డిస్కులనూ చివరి వరకు జల్లెడ పట్టించాను. రెండింటిలోనూ దొరికిన ఫైళ్ల సంఖ్య సున్నా. అప్పుడు ఉబుంటు వేసి, తెలుగు టైపింగ్ అమర్చి, ఆ అమ్మాయికి అప్పగించాను. "ఇందులో మీ పాఠాలేమైనా ఉన్నాయా సార్?" అని అడిగింది. ఏమీ లేవని, అంతా కొత్తగా తానే రాసుకోవాలని చెప్పాను.

మిగిలింది ఆ పాత పెన్ డ్రైవ్. ఎనిమిదేళ్లుగా అది నా సొరుగులోనే ఉన్నది. పెన్ డ్రైవ్‌లకు ఎస్‌ఎస్‌డీల మాదిరిగా నమ్మదగిన చెరిపివేత ఆదేశం సాధారణంగా ఉండదు, శాన్ డియాగో పరిశోధకుల పరీక్షల్లో యూఎస్‌బీ డ్రైవుల ఫలితాలు ఎస్‌ఎస్‌డీల కంటే ఏ మాత్రం మెరుగ్గా లేవు. కాబట్టి స్క్రూడ్రైవర్‌తో దాని తొడుగును విప్పి, లోపలి నల్లని చిప్పును రాతి మీద పెట్టి సుత్తితో పొడి అయ్యే వరకు కొట్టాను. నామినల్ రోల్స్ అసలు ప్రతులు పాఠశాల రికార్డు గదిలో భద్రంగా ఉన్నాయి. ఆ అమ్మాయి ఉత్తరానికి మరొక ప్రతి ఇప్పుడు నా దగ్గర లేదు.